మూలకాల కుటుంబాలు: పోలికల్లోని మేలు, పోలికల్లోని ముప్పు

ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలో నిలిచే మూలకాలను గ్రూపు అంటారు. వాడుకలో దానికే కుటుంబం అని పేరు. ఇప్పటివరకు గుర్తింపు పొందిన మూలకాలు 118. వాటిలో అధిక భాగం 18 గ్రూపులుగా అమరి ఉండగా, లాంథనైడ్లు, ఆక్టినైడ్లు అనే రెండు శ్రేణులను పట్టిక అడుగున విడిగా చూపుతారు. ఒక కుటుంబానికి చెందిన పరమాణువులు బరువులోనూ పరిమాణంలోనూ ఎంత భిన్నంగా ఉన్నా, వాటి వెలుపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ల అమరిక దాదాపు ఒకే తీరులో ఉంటుంది. రసాయన చర్యల్లో ముఖ్యంగా పాల్గొనేవి ఆ వెలుపలి ఎలక్ట్రాన్లే. అందువల్ల ఆ మూలకాల సంయోజకత, అవి ఏర్పరచే లవణాలు, నీటితోనూ ఆమ్లాలతోనూ వాటి ప్రవర్తన ఒకదానిని మరొకటి పోలి ఉంటాయి.

ఈ పోలిక చాలామందికి పాఠశాలలో పరీక్ష కోసం కంఠస్థం చేసిన విషయంగానే పరిచయం. కానీ దాని ప్రభావం తాగే నీటిలో, తినే ఉప్పులో, ఎముకలో, పంటలో కనిపిస్తుంది. మానవ దేహం మూలకాలను పేరు పెట్టి గుర్తించదు. అయాన్ మీది విద్యుదావేశాన్ని, దాని పరిమాణాన్ని, అది ఏర్పరచే బంధాన్ని బట్టి గుర్తిస్తుంది. ఆ గుర్తింపులో పొరపాటుకు తావుంది. కాల్షియం కోసం ఏర్పడిన మార్గంలో స్ట్రాన్షియం ఎముకను చేరుతుంది. పొటాషియం వెళ్లే దారిలో సీసియం కండరంలోకి ప్రవేశిస్తుంది. భాస్వరం ఉండవలసిన చోట ఆర్సెనిక్ కూర్చుంటుంది. ఒక కుటుంబంలో ఒకటి ప్రాణాధారం, దాని పక్కదే ప్రాణాంతకం కావడంలోని మర్మం చాలావరకు ఇదే.

కుటుంబాలు కనబడిన తీరు

పరమాణువు లోపల ఏముందో తెలియకముందే రసాయన శాస్త్రవేత్తలు ఈ బంధుత్వాన్ని పసిగట్టారు. 1829లో జర్మనీకి చెందిన యోహాన్ డోబెరైనర్ కొన్ని మూలకాలను మూడేసి చొప్పున జతపరచవచ్చునని చూపించారు. లిథియం, సోడియం, పొటాషియం అటువంటి త్రికం. వాటి పరమాణు భారాలు సుమారు 7, 23, 39. మొదటిదానికీ చివరిదానికీ సగటు తీస్తే సరిగ్గా నడిమిది వస్తుంది. క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్‌ల విషయంలోనూ, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియంల విషయంలోనూ ఇదే లెక్క దాదాపుగా కుదిరింది. ఇంగ్లండులో జాన్ న్యూలాండ్స్ 1866లో ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదానిని పోలి ఉంటుందని, సంగీతంలోని స్వరాష్టకంతో దానిని పోల్చి చెప్పినప్పుడు లండన్ కెమికల్ సొసైటీలో ఆయనను పరిహసించారు. మూలకాలను అక్షరక్రమంలో పేర్చి చూశారా అని ఒక సభ్యుడు అడిగినట్లు చరిత్ర నమోదు చేసింది.

1869లో రష్యన్ శాస్త్రవేత్త ద్మిత్రి మెండలీవ్ ప్రకటించిన పట్టికకు ఆ గతి పట్టలేదు. నాటికి తెలిసిన మూలకాలు 63. భారాల క్రమాన్ని పాటిస్తూనే, అవసరమైన చోట దానికంటె కుటుంబ లక్షణానికి ఆయన పెద్దపీట వేశారు. టెల్లూరియం అయోడిన్ కంటె బరువైనది. అయినా గుణాలను బట్టి చూస్తే అయోడిన్ క్లోరిన్, బ్రోమిన్‌ల సరసన ఉండవలసిందే. అందుకని టెల్లూరియంను ముందు, అయోడిన్‌ను తరువాత ఉంచారు. ఆ నిర్ణయం సరైనదని 1913లో హెన్రీ మోజ్లే ఎక్స్-కిరణాల సాయంతో పరమాణు సంఖ్యలను నిర్ధారించినప్పుడు తేలింది. టెల్లూరియం సంఖ్య 52, అయోడిన్‌ది 53.

కుటుంబంలో సభ్యుడు లేని చోట మెండలీవ్ ఖాళీ గడిని విడిచిపెట్టారు. ఆ గడులకు పేర్లు పెట్టడానికి ఆయన సంస్కృతాన్ని ఆశ్రయించడం భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి. అల్యూమినియం కింద రావలసినదాన్ని ఏక-అల్యూమినియం అని, సిలికాన్ కింద రావలసినదాన్ని ఏక-సిలికాన్ అని పిలిచారు. 1875లో ఫ్రాన్సులో గాలియం దొరికింది. దాని సాంద్రత 4.7 అని కనుగొన్నవారు ప్రకటించగా, అది 5.9కి దగ్గరగా ఉండాలని, నమూనాను శుద్ధి చేసి మళ్లీ కొలవాలని మెండలీవ్ రాశారు. కొలిస్తే 5.9 వచ్చింది. ఆ మూలకాన్ని ఒక్కసారైనా చూడని మనిషి దాని సాంద్రతను సరిదిద్దగలిగాడంటే కుటుంబ ధర్మాల మీద ఆధారపడటం ఎంత పటిష్ఠమైనదో తెలుస్తుంది. 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం మిగిలిన ఖాళీలను భర్తీ చేశాయి.

క్షార లోహాలు

పట్టికలో మొదటి వరుస లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీసియం, ఫ్రాన్షియంలది. అన్నింటికీ వెలుపలి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని వదులుకోవడానికి ఇవి సదా సిద్ధంగా ఉంటాయి. కత్తితో కోయగలిగినంత మెత్తని లోహాలు. గాలీ తేమా తగలకుండా కిరోసిన్ వంటి నూనెలో భద్రపరుస్తారు. కిందికి వెళ్లేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది, ఆ ఎలక్ట్రాన్ మీద కేంద్రకానికి పట్టు సడలుతుంది, చర్యాశీలత పెరుగుతుంది. లిథియం నీటిలో నెమ్మదిగా చర్య జరుపుతుంది, సోడియం కరిగి గుండై నీటిమీద పరుగెత్తుతుంది, పొటాషియం ఊదారంగు మంటతో అంటుకుంటుంది, సీసియం పేలుతుంది. ద్రవీభవన స్థానాలు మాత్రం కిందికి దిగేకొద్దీ తగ్గుతాయి. లిథియం సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, సీసియం 28.5 డిగ్రీలకే కరుగుతుంది. తెలుగు నేల మీద వేసవిలో అది మూసిన సీసాలో ద్రవంగానే ఉంటుంది.

దేహంలో సోడియం, పొటాషియం నరాల సంకేతాలకూ కండరాల కదలికకూ ఆధారం. లిథియం దేహానికి అవసరమైన పోషకంగా గుర్తింపు పొందలేదు. అయినా 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద స్థితిలోని రోగులకు లిథియం లవణాలు ఉపశమనం ఇస్తాయని ప్రకటించారు. బైపోలార్ వ్యాధి చికిత్సలో ఈనాటికీ అది ముఖ్యమైన మందు. ఇక్కడే కుటుంబ పోలిక జాగ్రత్తను కోరుతుంది. మూత్రపిండాలు లిథియంను సోడియం వలెనే చూస్తాయి. వాంతులు, విరేచనాలు, విపరీతమైన చెమట వల్లనో, ఆహారంలో ఉప్పును హఠాత్తుగా మానివేయడం వల్లనో దేహంలో సోడియం తగ్గితే, మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియంనూ పట్టి ఉంచుతాయి. రక్తంలో దాని స్థాయి ప్రమాదకర హద్దు దాటవచ్చు. ఈ మందు వాడేవారికి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించడానికీ, వైద్యుని అడగకుండా ఉప్పు మానవద్దని చెప్పడానికీ కారణం ఇదే.

పొటాషియం అనుకుని దేహం స్వీకరించే మరొక బంధువు సీసియం. సహజ సీసియం వల్ల పెద్ద హాని లేదు. అణు విచ్ఛిత్తిలో పుట్టే సీసియం-137 సంగతి వేరు. దాని అర్ధాయువు సుమారు 30 ఏళ్లు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో, మూతపడిన చికిత్సాలయంలో వదిలివేసిన రేడియోథెరపీ యంత్రాన్ని పాత ఇనుముగా విప్పినప్పుడు ఈ పదార్థం బయటపడింది. నీలంగా మెరుస్తున్న పొడిని వింతగా భావించి పలువురు ఇళ్లకు తీసుకువెళ్లారు. నలుగురు మరణించారు. బాధితులకు ఇచ్చిన మందు ప్రష్యన్ బ్లూ అనే పాత చిత్రకళా వర్ణకం. అది పేగుల్లో సీసియంను పట్టి దేహం నుంచి బయటకు పంపుతుంది.

క్షారమృత్తిక లోహాలు

రెండవ గ్రూపులో బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం ఉన్నాయి. ఇవి రెండు ఎలక్ట్రాన్లను వదులుకుని రెండు ధనావేశాల అయాన్లుగా మారతాయి. సున్నపురాయి, జిప్సం, శంఖాలు, ముత్యాలు, గుడ్డు పెంకులు ఈ కుటుంబపు సొత్తు. ఎముకల, దంతాల కాఠిన్యానికి మూలం కాల్షియం ఫాస్ఫేట్.

కాల్షియం అయాన్ వ్యాసార్ధం సుమారు 100 పికోమీటర్లు, స్ట్రాన్షియంది 118. ఆ కొద్ది తేడాను ఎముక పట్టించుకోదు. 1950లలో అగ్రరాజ్యాలు వాతావరణంలో అణుపరీక్షలు సాగించినప్పుడు స్ట్రాన్షియం-90 గడ్డి మీద పడి, ఆవుపాలలో చేరి, పిల్లల ఎముకల్లో నిలిచింది. 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో శాస్త్రవేత్తలు, పౌరులు కలిసి పిల్లల పాలపళ్లను సేకరించడం మొదలుపెట్టారు. మూడు లక్షలకు పైగా పళ్లు సమకూరాయి. ఏ ఏట పుట్టిన బిడ్డ పంటిలో ఎంత స్ట్రాన్షియం ఉందో కొలిచి చూస్తే, పరీక్షలు పెరిగినకొద్దీ అదీ పెరిగినట్లు వెల్లడైంది. వాతావరణంలోనూ, అంతరిక్షంలోనూ, నీటి అడుగునా అణుపరీక్షలను నిషేధిస్తూ 1963లో ఒప్పందం కుదరడానికి దోహదం చేసిన ప్రజాభిప్రాయం వెనుక ఈ పళ్ల పాత్ర ఉంది.

రేడియం కథ అంతకు ముందుది, అంతకంటె విషాదకరమైనది. చీకటిలో వెలిగే గడియారాల ముఖాలకు రేడియం రంగు అద్దే పనిలో అమెరికాలో వందలాది యువతులు చేరారు. కుంచె మొన సన్నగా ఉండేందుకు దాన్ని పెదవులతో సరిచేసుకోవాలని వారికి నేర్పారు. కడుపులోకి వెళ్లిన రేడియంను దేహం కాల్షియంగా భావించింది. దవడ ఎముకలు కుళ్లిపోయి, ఎముక క్యాన్సర్లు సోకి పలువురు మరణించారు. పరిశ్రమల్లో కార్మికుల ఆరోగ్యానికి చట్టబద్ధమైన రక్షణ కోసం సాగిన పోరాటాల్లో వారి వ్యాజ్యాలది ముఖ్య స్థానం.

బేరియం విషయంలో కరిగే గుణమే నిర్ణాయకం. నీటిలోనూ జీర్ణరసాల్లోనూ కరగని బేరియం సల్ఫేటును ఎక్స్-రే పరీక్షకు ముందు రోగి చేత నిర్భయంగా తాగిస్తారు. కడుపులోని ఆమ్లంలో కరిగే బేరియం కార్బొనేట్ ఎలుకల మందు. మతాబుల్లో ఎరుపునకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం లవణాలు కలుపుతారు. బాణసంచాలో బేరియం లవణాల వాడకాన్ని సుప్రీంకోర్టు 2018లో నిషేధించింది.

హాలోజన్లు: ఒకే ఇంటి నాలుగు స్వభావాలు

పదిహేడవ గ్రూపులోని ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్‌లను లవణజనకాలు అని కూడా అంటారు. ఎలక్ట్రాన్ల నిండు అమరికకు ఒక్కటి తక్కువగా ఉండటం వీటి లక్షణం. దొరికిన చోట ఆ ఒక్కదాన్ని లాక్కుంటాయి. గ్రూపు వెంట కిందికి దిగేకొద్దీ భౌతిక రూపం ఎలా మారుతుందో చూపడానికి ఇంతకంటె మంచి కుటుంబం లేదు. గది ఉష్ణోగ్రత వద్ద ఫ్లోరిన్ లేత పసుపు వాయువు, క్లోరిన్ ఆకుపచ్చని పసుపు వాయువు, బ్రోమిన్ ముదురు ఎరుపు ద్రవం, అయోడిన్ నల్లగా మెరిసే ఘనపదార్థం. క్షార లోహాలకు భిన్నంగా ఇక్కడ పైనున్నదే చురుకైనది. బ్రోమైడ్ ద్రావణంలోకి క్లోరిన్ పంపితే బ్రోమిన్ బయటికి వస్తుంది. కచ్ రణ్ ప్రాంతంలో ఉప్పు తీయగా మిగిలిన చేదు నీటి నుంచి బ్రోమిన్‌ను రాబట్టడానికి ఆధారం ఈ ధర్మమే.

క్లోరిన్‌ను 1774లో స్వీడన్‌లో కార్ల్ షీలే తయారుచేశారు. అయోడిన్ 1811లో సముద్రపు నాచు బూడిద నుంచి, బ్రోమిన్ 1826లో ఫ్రాన్సులోని ఉప్పు మడుల నీటి నుంచి వెలువడ్డాయి. ఫ్లోరిన్ మాత్రం చాలాకాలం చిక్కలేదు. దాన్ని వేరుచేసే ప్రయత్నంలో పలువురు గాయపడ్డారు, ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. 1886లో ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ మ్వాసాన్ సాధించారు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

తెలుగు ప్రాంతాలకు ఈ కుటుంబంతో ఉన్న సంబంధం పాఠ్యపుస్తకానికి సంబంధించినది కాదు. 1937లో మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన రోగుల గురించి వెలువడిన నివేదిక, భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యపరంగా నమోదు చేసిన తొలి పరిశోధన. 1955లో నల్లగొండ జిల్లా పరిస్థితి మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పరిశోధన పత్రం వచ్చింది. పళ్ల మీద గోధుమరంగు గారలతో మొదలై, ఏళ్ల తరబడి ఆ నీరే తాగినవారిలో వెన్నెముక వంగి, కీళ్లు కదలక, నడక కూడా కష్టమయ్యే దశకు ఈ వ్యాధి చేరుతుంది. ఎముక ఒకసారి ఆ స్థితికి వచ్చాక పూర్వస్థితికి తెచ్చే మందు లేదు.

ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికంలో హైడ్రాక్సైడ్ అయాన్లకు కొన్ని స్థానాలు ఉంటాయి. ఫ్లోరైడ్ అయాన్ ఆవేశంలోనూ పరిమాణంలోనూ హైడ్రాక్సైడ్‌కు అతి సమీపంగా ఉంటుంది కనుక ఆ స్థానాల్లో సులువుగా ఒదుగుతుంది. స్వల్ప మోతాదులో ఇది పంటి పింగాణీని గట్టిపరుస్తుంది. టూత్‌పేస్టుల్లో ఫ్లోరైడ్ కలపడం అందుకే. మోతాదు మించితే ఎముక నిర్మాణమే మారిపోతుంది. ఉప్పు రూపంలో మనిషి రోజూ గ్రాముల కొద్దీ క్లోరైడ్ తింటున్నా ఎముకకు ఈ గతి పట్టదు. ప్రతి కుటుంబంలోనూ మొదటి సభ్యునికి కొంత విపరీత ధోరణి ఉంటుందని రసాయన శాస్త్రం చెబుతుంది. మిగిలినవాటికంటె చాలా చిన్నది కావడం దానికి కారణం. ఫ్లోరైడ్ వ్యాసార్ధం 133 పికోమీటర్లు, క్లోరైడ్‌ది 181. కాల్షియం క్లోరైడ్ 100 మిల్లీలీటర్ల నీటిలో 70 గ్రాములకు పైగా కరుగుతుంది. కాల్షియం ఫ్లోరైడ్ అంతే నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ప్రాంతంలోనే కరుగుతుంది. కాల్షియంతో ఫ్లోరైడ్‌కు ఉన్న ఈ గాఢబంధమే ఎముకలో ముప్పుగా పరిణమించింది.

అదే బంధం భూగర్భంలో రక్షణగా పనిచేయగలదు. నీటిలో కాల్షియం తగినంత ఉన్నప్పుడు ఫ్లోరైడ్ దానితో కలిసి అవక్షేపంగా దిగిపోతుంది. గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ ఊరుతూ, నీటిలో కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న చోట్ల అది నీటిలోనే నిలిచిపోతుంది. వర్షాభావం, బోరుబావుల లోతు పెరగడం సమస్యను జటిలం చేశాయి.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి లీటరులో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. నీటిని మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఆవిరి పోయి నీరు తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఈ సంగతి నేటికీ చాలామందికి తెలియదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తొలగించే విధానాన్ని రూపొందించింది. ప్రపంచ శాస్త్ర సాహిత్యంలో దాని పేరు ‘నల్లగొండ పద్ధతి’. ఒక జిల్లా పేరు ఈ విధంగా ప్రసిద్ధికెక్కడం ఆ ప్రజలు కోరుకున్నది కాదు. రోజూ సరైన మోతాదులో పటిక కలపడం, అడుగున చేరే మడ్డిని తొలగించడం గ్రామాల్లో నిలకడగా సాగలేదు. చివరకు నదీజలాలను గొట్టాల ద్వారా తరలించడమే మార్గమైంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం తెలంగాణలో ఆ పని చేపట్టింది.

హాలోజన్ కుటుంబంలో కొరత వల్ల కీడు చేసేది అయోడిన్. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోనుకు అది తప్పనిసరి. వర్షాలకూ వరదలకూ నేలలోని అయోడిన్ కొట్టుకుపోయిన హిమాలయ పాద ప్రాంతాల్లో గళగండం, పిల్లల్లో మందబుద్ధి, చెవుడు తరతరాలుగా ఉండేవి. 1956లో కాంగ్రా లోయలో మొదలైన అధ్యయనం అయోడిన్ కలిపిన ఉప్పుతో ఈ వ్యాధిని అరికట్టవచ్చునని నిరూపించింది. దానికి సారథ్యం వహించినవారిలో ప్రముఖులు శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. అయోడిన్ కలపని ఉప్పును నేరుగా తినడానికి అమ్మరాదన్న నిబంధన ఒకసారి సడలి, 2006లో తిరిగి అమలులోకి వచ్చింది. ఉత్పత్తి స్థాయిలో పది లక్షల పాళ్లకు 30, వినియోగదారునికి చేరేసరికి 15 పాళ్లు అయోడిన్ ఉండాలి. ఇందుకు వాడేది పొటాషియం అయోడైడ్ కాదు, అయోడేట్. వేడి, తేమ ఎక్కువగా ఉండే దేశంలో అయోడైడ్ త్వరగా నశిస్తుంది, అయోడేట్ నిలకడైనది.

క్లోరిన్ గురించి వేరుగా చెప్పనవసరం లేదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద సైనికుల ఊపిరి తీసిన వాయువే, లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపు మోతాదులో కలరా, టైఫాయిడ్ క్రిములను చంపి కుళాయి నీటిని కాపాడుతోంది. బ్రోమైడ్లను పందొమ్మిదవ శతాబ్దంలో మూర్ఛకూ నిద్రలేమికీ మందుగా ఇచ్చేవారు. మూత్రపిండాలు వాటిని క్లోరైడ్‌గా పొరబడి దేహంలోనే ఉంచడంతో, ఎక్కువ కాలం వాడినవారిలో మతిభ్రమణ కనిపించేది.

నత్రజని కుటుంబం, బెంగాల్ బావులు

పదిహేనవ గ్రూపులో పై నుంచి కిందికి వస్తే అలోహం లోహంగా మారడం కనిపిస్తుంది. నత్రజని వాయువు, భాస్వరం ఘన అలోహం, ఆర్సెనిక్, ఆంటిమొని మధ్యస్థాలు, బిస్మత్ లోహం. ప్రతి జీవకణంలోనూ శక్తిని మోసే ఏటీపీ అణువు భాస్వరం లేనిదే లేదు. ఆర్సెనేట్ అయాన్ ఆకారంలోనూ ఆవేశంలోనూ ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది. కణం దాన్ని ఫాస్ఫేట్ అనుకుని వాడుకుంటుంది. అలా ఏర్పడిన అణువు క్షణంలో విడిపోతుంది, శక్తి వృథా అవుతుంది. ఆర్సెనిక్ మరొక రూపమైన ఆర్సెనైట్ ప్రోటీన్లలోని గంధకానికి అంటుకుని ఎంజైముల పనిని ఆపుతుంది.

బంగ్లాదేశ్‌లో చెరువు నీటి వల్ల వచ్చే విరేచనాల నుంచి పిల్లలను కాపాడాలన్న సదుద్దేశంతో 1970ల నుంచి లక్షలాది గొట్టపు బావులు తవ్వారు. ఆ నీటిలో క్రిములు లేవు, ఆర్సెనిక్ ఉంది. రంగు, రుచి, వాసన లేకపోవడంతో ఎవరూ అనుమానించలేదు. పశ్చిమ బెంగాల్‌లో 1983లో చర్మవ్యాధి రోగుల ద్వారా ఇది బయటపడింది. బంగ్లాదేశ్‌లో 1993లో నిర్ధారణ అయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన వ్యాసం 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది ముప్పులో ఉన్నారని అంచనా వేసింది. చరిత్రలో ఒక జనాభాకు జరిగిన అతిపెద్ద విషప్రయోగంగా దానిని అభివర్ణించింది. తరువాత బావులను పరీక్షించి, సురక్షితమైన వాటికి ఆకుపచ్చ, ప్రమాదకరమైన వాటికి ఎరుపు రంగు వేశారు.

హిమాలయాల నుంచి కొట్టుకువచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడ్ రేణువులకు ఆర్సెనిక్ అతుక్కుని ఉంటుంది. భూమి అడుగున గాలి అందని చోట సూక్ష్మజీవులు ఆ ఆక్సైడ్లను కరిగించినప్పుడు ఆర్సెనిక్ నీటిలోకి విడుదలవుతుంది. లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములకు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు.

భాస్వరం బదులు ఆర్సెనిక్‌తోనే జీవించగల బాక్టీరియా కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిందని 2010లో ఒక పరిశోధక బృందం ప్రకటించి సంచలనం సృష్టించింది. 2012లో రెండు స్వతంత్ర పరిశోధనలు దాన్ని ఖండించాయి. 2025లో ‘సైన్స్’ పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. పోలిక ఎంత దగ్గరైనా ప్రాణం నిలిపేంతటిది కాదన్నమాట.

ఇటువంటిదే జింక్, కాడ్మియంల బంధం. రెండూ పన్నెండవ గ్రూపువి. జింక్ ఖనిజంలో కాడ్మియం తప్పకుండా ఎంతో కొంత కలిసే ఉంటుంది. జపాన్‌లోని జింజు నది ఎగువన జింక్ గని వదిలిన వ్యర్థాలు వరిపొలాల్లో చేరి, ఎముకలు పెళుసెక్కే వ్యాధి వచ్చింది. బాధితుల మూలుగునే దానికి పేరుగా పెట్టారు: ‘ఇతాయ్-ఇతాయ్’, అంటే ‘నొప్పి, నొప్పి’. 1968లో జపాన్ ప్రభుత్వం కాడ్మియమే కారణమని అంగీకరించింది.

అయితే దేహాన్ని మోసగించే ప్రతి మూలకమూ కుటుంబ బంధువే కానవసరం లేదు. సీసం పద్నాలుగవ గ్రూపులో కార్బన్, సిలికాన్‌ల కింద ఉంటుంది. అయినా రెండు ధనావేశాల అయాన్‌గా మారి కాల్షియం స్థానాన్ని ఆక్రమిస్తుంది. పట్టికలోని నిలువు వరుస ఒక మార్గదర్శి మాత్రమే.

విరళ మృత్తికలు

లాంథనం నుంచి లుటీషియం వరకు 15 మూలకాలు, వాటితో పాటు స్కాండియం, ఇట్రియం కలిసి విరళ మృత్తికలు. పోలిక అత్యంత గాఢంగా ఉన్న సమూహం ఇదే. వీటిని ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేయడం ఎంత కష్టమంటే, ద్రావణులతో వందలసార్లు వడపోత వంటి ప్రక్రియ సాగించాలి. పేరులో విరళం ఉన్నా భూమిలో ఇవి అంత అరుదు కావు. అరుదైనది వేరుచేసే సామర్థ్యం. భీమునిపట్నం తీరంతో సహా ఆంధ్రప్రదేశ్, ఒడిశా, తమిళనాడు, కేరళ ఇసుకల్లోని మోనజైట్ ఖనిజంలో ఇవి థోరియంతో కలిసి ఉన్నాయి. విద్యుత్ వాహనాల మోటార్లలోని అయస్కాంతాలకు నియోడిమియం, డిస్ప్రోసియం కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు విరళ మృత్తికల ఎగుమతిపై ఆంక్షలు విధించినప్పుడు వాటి రాజకీయ విలువ అందరికీ తెలిసివచ్చింది.

జడవాయువులు, గుంటూరు గ్రహణం

మెండలీవ్ పట్టికలో అసలు చోటే లేని కుటుంబం ఒకటి తరువాత వచ్చి చేరింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి ఖగోళవేత్త పియర్ జాన్సెన్ గుంటూరును ఎంచుకున్నారు. సూర్యుని అంచున ఎగిసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విశ్లేషించి, గ్రహణం లేని రోజున కూడా వాటిని చూసే విధానాన్ని ఆయన మరునాడే అమలుచేశారు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూసిన మద్రాసు ఖగోళవేత్త నార్మన్ పోగ్సన్ పసుపు రంగు గీతను నమోదు చేసినవారిలో ఉన్నారు. హీలియంను గుంటూరులో కనుగొన్నారని తరచూ రాస్తుంటారు. అంత సూటిగా చెప్పడం సరికాదు. ఆ గీత సోడియంది కాదని, భూమి మీద తెలియని మూలకానిదై ఉండాలని అదే ఏడు అక్టోబరు తరువాత వాదించినవారు ఇంగ్లండులోని నార్మన్ లాకియర్. గుంటూరుకు దక్కవలసిన గౌరవం ఆ అన్వేషణకు దారి తెరిచిన చోటుగా; అదీ తక్కువది కాదు.

భూమి మీద హీలియం 1895లో విలియం రామ్సేకు యురేనియం ఖనిజంలో దొరికింది. అంతకు ముందు ఏడు, గాలి నుంచి తీసిన నత్రజని రసాయనికంగా తయారైన నత్రజని కంటె స్వల్పంగా బరువుగా ఉండటాన్ని లార్డ్ రేలీ గమనించగా, ఇద్దరూ కలిసి ఆర్గాన్‌ను కనుగొన్నారు. మనం పీల్చే గాలిలో అది దాదాపు ఒక శాతం. 1898లో క్రిప్టాన్, నియాన్, జెనాన్ వరుసగా బయటపడ్డాయి. మెండలీవ్ మొదట ఆర్గాన్‌ను నమ్మలేదు; అది మూడు నత్రజని పరమాణువుల అణువు కావచ్చునన్నారు. చివరకు పట్టిక అంచున కొత్త వరుస చేరింది, పాత వరుసలు ఏవీ చెదరలేదు.

వెలుపలి కక్ష్య నిండి ఉండటంతో ఇవి దేనితోనూ కలవవని భావించి జడవాయువులు అన్నారు. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ జెనాన్‌తో ఒక సమ్మేళనాన్ని తయారుచేయడంతో ఆ భావన వీగిపోయింది. తెలుగు పుస్తకాల్లో ఉత్కృష్ట వాయువులు అన్న పేరు వచ్చినా పాతదే వాడుకలో నిలిచింది. ఈ కుటుంబంలోని రేడాన్ రేడియం విఘటనలో పుడుతుంది. దేనితోనూ సులువుగా కలవదు కనుకనే రాతిలో చిక్కుకోకుండా పగుళ్ల గుండా ఇళ్లలోకి చేరుతుంది. పొగతాగడం తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో అదొకటి.

వరుసలో చిట్టచివరిది 118వ మూలకం ఒగనెసాన్. 2002లో రష్యాలోని దుబ్నాలో తొలిసారి తయారైంది, 2016లో పేరు పొందింది. ఇప్పటివరకు పుట్టిన పరమాణువులను చేతివేళ్ల మీద లెక్కించవచ్చు. ఒక్కొక్కటి మిల్లీసెకను కూడా నిలవదు. అంత బరువైన పరమాణువులో ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి చెప్పుకోదగినంత దగ్గరవుతుంది, వాటి అమరిక మారుతుంది. అందువల్ల ఒగనెసాన్ వాయువు కాక ఘనపదార్థమై ఉండవచ్చునని, తన కుటుంబంలోని మిగిలినవాటికంటె చురుకుగా చర్యల్లో పాల్గొనవచ్చునని సిద్ధాంత గణనలు సూచిస్తున్నాయి. ప్రయోగంతో తేల్చడానికి చాలినన్ని పరమాణువులు ఇంకా ఎవరి వద్దా లేవు.